సారె గిన్నె

మా అబ్బాయి పెళ్ళికి నేను వియ్యాలవారిని కోరింది ఒక్కటే. సారెలో ప్లాస్టిక్ ఉండకూడదు. వాళ్ళకి తగరపువలసలో బట్టల కొట్టు ఉంది, మంచి మనుషులు. ముందు నవ్వారు. నేను నవ్వడం లేదని చూసి ఆపేశారు. "అలాగే వదినగారూ, బుట్టల్లో పంపిస్తాం" అని వియ్యపురాలు వాళ్ళాయన కేసి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. మా అపార్టుమెంటులో సగంమంది నన్ను అలాగే చూస్తారు.

మాది కూర్మన్నపాలెంలో నాలుగంతస్తుల అపార్టుమెంటు. మేం రెండో అంతస్తులో ఉంటాం. మా ఆయనది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. పొద్దున్న బాల్కనీ గచ్చు తుడిస్తే సాయంత్రానికి దానిమీద వేలితో ముగ్గు వెయ్యచ్చు, అంత నల్లదుమ్ము పడుతుంది. "ఊరు ఊరంతా ఇలా ఉంటే నువ్వొక్కదానివీ పాలకవరు కడిగి ఆరేసి ఏం సాధిస్తావే?" అని ఆయన చాలాసార్లు అడిగారు. కవర్లు మాత్రం కడిగి ఆరేస్తూనే ఉన్నాను. మా బట్టల తీగ మీద చీరలూ లుంగీలూ, వాటి పక్కన క్లిప్పులు పెట్టిన పాలకవర్లూ వేలాడుతుంటాయి.

చికెన్ కొట్టుకి స్టీలు డబ్బా పట్టుకెళ్తాను. మొదటిసారి కొట్టతను డబ్బా అందుకుని, చికెన్ నల్లకవర్లో వేసి ముడి బిగించి, ఆ కవరుని నా డబ్బాలో పెట్టి మూత పెట్టి ఇచ్చాడు. ఎందుకయ్యా కవరు అంటే "డబ్బా పాడైపోద్ది కదమ్మా" అన్నాడు. నా డబ్బా మీద నాకంటే అతనికే ప్రేమ ఎక్కువ. ఆ తరవాత నుంచి డబ్బా చేతికివ్వకుండా, మూత తీసి, బిచ్చానికొచ్చినదానిలా కత్తిపీట దగ్గర పట్టుకుని నిలబడుతున్నాను. వెనక నిలబడ్డవాళ్ళు నన్ను ముందు పంపించేస్తారు. జాలో భయమో తెలియదు గాని పని త్వరగా అవుతుంది.

సారె దగ్గరికి వస్తాను. కొత్త కోడలు పుట్టింటి నుంచి లడ్డూలు, సున్నుండలు, అరిసెలు, జంతికలు బుట్టలకొద్దీ తెస్తుంది. వాటిని చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పంచాలి. ఒకప్పుడు పళ్ళేలలో పెట్టుకుని వెళ్ళి పంచేవాళ్ళు. ఇప్పుడు ఇంటికో క్యారీబ్యాగు. లడ్డూకో కవరు, జంతికలకో కవరు, పసుపు కుంకాలకి చిటికెడు కవర్లు, అన్నీ కలిపి మళ్ళీ ఒక పెద్ద కవరు, దానిమీద పెళ్ళికొడుకు పెళ్ళికూతురు బొమ్మ. తినేది ఒక్క పూటలో అయిపోతుంది. కవరు మీది పెళ్ళికూతురు మాత్రం రోడ్డు పక్క కాలవలో ఏళ్ళ తరబడి నవ్వుతూ ఉంటుంది.

నేను అటక ఎక్కాను. ఆంధ్రదేశంలో ఏ ఫంక్షనుకి వెళ్ళినా ఒక స్టీలు గిన్నె చేతిలో పెట్టి పంపిస్తారు. దానిమీద చుక్కలతో పేర్లు కొట్టించి ఉంటాయి, ఫలానా అమ్మాయి ఓణీలకని, ఫలానా వారి గృహప్రవేశానికని. మా ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఉక్కు తయారుచేస్తున్నారు, మా అటక ముప్ఫై ఏళ్ళుగా దాన్ని వెనక్కి తెస్తోంది. ఆ ఉక్కు వేరు ఈ స్టీలు వేరు అని ఆయన చాలాసార్లు వివరించారు. కింద నిలబడి గిన్నెలు అందుకుంటూ మళ్ళీ వివరించారు. అపార్టుమెంటు మొత్తానికి సరిపడా మూతగిన్నెలు దొరికాయి, ఇంకా మిగిలాయి. సారె వీటిలో పెట్టి పంచుదాం, తిన్నాక గిన్నెలు వెనక్కి తెచ్చుకుందాం అన్నాను.

అందరూ వద్దన్నారు. గిన్నెల కోసం ఇంటింటికీ తిరుగుతావా, అప్పులవాడిలా ఉంటుంది అన్నారు మా ఆయన. అబ్బాయి తల పట్టుకున్నాడు. కొత్త కోడలు ఏమీ అనలేదు, అప్పటికి ఆ పిల్ల ఇంకా ఏమీ అనే దశకి రాలేదు. మా అత్తయ్యగారు అందరికంటే ఎక్కువ గొడవ చేస్తారనుకున్నాను. గిన్నెల మీద ఆవిడ పట్టింపు నాకు తెలుసు. ఆవిడ మాత్రం ఒక్క క్షణం ఆలోచించి "గిన్నెల్లోనే పంచుదావమ్మాయ్. బావుంటాది" అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నా మాటకి మొదటిసారే ఒప్పుకోవడం ఎప్పుడూ జరగలేదు. నాకు అనుమానం వచ్చింది.

అత్తయ్యగారిది తణుకు పక్క పల్లె. పెళ్ళయి ఈ ఊరొచ్చి, మావయ్యగారి ఉద్యోగంతో పాటే ఇక్కడే పాతుకుపోయారు. ఆయన పోయాక మా దగ్గరే ఉంటున్నారు. అయినా విశాఖపట్నంలో ఆవిడకంటూ ఉన్నది ఒక్క మనిషి. కింద ఇంటి పిన్నిగారు.

పిన్నిగారిది సబ్బవరం దగ్గర పల్లె. రైతు కుటుంబం. వాళ్ళ చేలు కాలనీ ప్లాట్లయిపోతే కొడుకు ఇక్కడ ఫ్లాటు కొని తల్లినీ తండ్రినీ తెచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలో ఆవిడ మాట మా అత్తయ్యగారికి అర్థమయ్యేది కాదు. "ఏటి సేత్తన్నావప్పా?" అని, అక్కని అప్పా అంటూ, ఆవిడ పలకరిస్తే ఈవిడ నా కేసి తిరిగి ఏమంటోందే అనేవారు. వారం తిరక్కుండా ఇద్దరూ ఒకరి యాసని ఒకరు దిద్దడం మొదలుపెట్టారు. ఇద్దరిలో ఎవరూ మారలేదు. రోజూ మధ్యాహ్నం మెట్ల కింద నీడలో రెండు స్టూళ్ళు వేసుకుని కూర్చునేవాళ్ళు. చింతపండు గింజలు తీసేవాళ్ళు, చిక్కుడుకాయలు ఒలిచేవాళ్ళు. తొక్కలు రెండిళ్ళవీ కలిపి నా కంపోస్టు డబ్బాకి వచ్చేవి. వాళ్ళు ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. నేను వెళ్తే ఆపేసేవాళ్ళు, కాబట్టి నా గురించే అయ్యుంటుంది.

పోయిన వానాకాలంలో పిన్నిగారి భర్త పోయారు. అప్పటినుంచి ఆవిడ బయటికి రావడం మానేశారు. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులతోనే నాలుగైదుసార్లు కిందకి వెళ్ళారు. ప్రతిసారీ పిన్నిగారి కోడలు తలుపు తీసి "పడుకున్నాదండి" అంది. చివరిసారి లోపల గరిటె చప్పుడు వినిపిస్తూనే ఉంది. కోడలు డ్యూటీకి వెళ్ళే బట్టల్లో గుమ్మంలో నిలబడి ఉంది, మరి ఆ గరిటె ఎవరు తిప్పుతున్నట్టు? అత్తయ్యగారు పైకొచ్చేసి ఇంక వెళ్ళలేదు. కాని మధ్యాహ్నం ఆ వేళకి బాల్కనీలోకి వెళ్ళి కిందకి చూడడం మానలేదు. పైనుంచి చూస్తే మెట్ల కింద స్టూళ్ళు కనబడవు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

అందుకే గిన్నెల మాట అనగానే ఆవిడ బుర్ర పనిచేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు విప్పి చెప్పారు. "కవర్లో పెట్టి ఇత్తే తినేసి ఊరుకుంటాది. గిన్నెలో ఇత్తే గిన్నె ఉంచేసుకోదు కదా. ఖాళీ గిన్నె పంపదు కదా. పద్ధతి తెలిసిన మనిషి. ఏదో ఒకటి పెట్టుకుని తనే తెత్తాది."

ఒకరింటి నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు. కనీసం చెంచాడు పంచదారైనా వెయ్యాలి. ఈ సంగతి నాకు తెలియక కాదు. కాని దాన్ని వలలా వాడచ్చని నాకు తట్టలేదు. నాకు ప్లాస్టిక్ తగ్గాలి, ఆవిడకి మనిషి రావాలి. ఇద్దరం ఒకే గిన్నెల మీద ఆశ పెట్టుకున్నాం.

"వాళ్ళింట్లో ఇంకా ఏడాది తిరగలేదు కదత్తయ్యా, పెళ్ళి సారె పంపచ్చా?" అన్నాను.

"పుచ్చుకోడానికి తప్పేం లేదే" అన్నారావిడ.

పిన్నిగారి గిన్నె ఆవిడే ఎంచారు, తను పెరుగు తోడుపెట్టుకునే మంచి మూతగిన్నె. ఆవిడే సర్దారు. అన్నిటిలో పెట్టినట్టే కుంకం పొట్లం పెట్టి, మళ్ళీ తీసేసి, ఆ ఖాళీలో ఒక సున్నుండ ఎక్కువ పెట్టారు. మా కోడలి చేత పంపించారు. గిన్నె పిన్నిగారే అందుకున్నారట, పిల్ల తల నిమిరారట. ఆ మాట అత్తయ్యగారు మా కోడలి చేత మూడుసార్లు చెప్పించుకున్నారు.

ఇక గిన్నెలు రావడం మొదలైంది.

నేను పద్ధతి గురించి ఆలోచించాను గాని, అది అపార్టుమెంటంతా ఒకేసారి పాటిస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. ఎదురింటావిడ ఆ సాయంత్రమే వచ్చింది. గిన్నెలో పంచదార, గిన్నె క్యారీబ్యాగులో. "ఒలికిపోద్దని" అంది. పై అంతస్తులో రాజమండ్రివాళ్ళు పూతరేకులు తెప్పించి పంపారు. ఒక్కో పూతరేకు ఒక్కో కవర్లో, అన్నీ కలిపి ప్లాస్టిక్ పెట్టెలో. పెట్టె మా గిన్నెలో పట్టలేదు, అందుకని మా గిన్నెనీ పెట్టెనీ కలిపి ఇంకో సంచిలో పెట్టారు. భీమిలి నుంచి వచ్చి ఉంటున్నవాళ్ళు ఎండు నెత్తళ్ళు పంపారు. "సేపల వాసన వత్తాదని రెండు కవర్లు కట్టినానండీ, మీకు పరిశుబ్రం కదా" అందా ఇల్లాలు. నా గురించి తెలిసే అంత జాగ్రత్త పడిందని అర్థమై థాంక్స్ చెప్పాను.

నాలుగో అంతస్తులో ఉద్యోగాలు చేసుకునే కుర్ర జంట ఉంది. వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ ఫోనులో చెప్పిందట. పాపం ఆ పిల్ల ఫోనులో ఆర్డరు పెట్టి గులాబ్‌జామ్ తెప్పించింది. అది ప్లాస్టిక్ డబ్బాలో, పైన ప్లాస్టిక్ రేకు అతికించి, రెండు చెంచాలతో, మూడు టిష్యూలతో, సీలు వేసిన సంచిలో వచ్చింది. మొత్తం అలాగే మా గిన్నె మీద నిలబెట్టి తెచ్చింది. "మీరు ప్లాస్టిక్ వాడరని విన్నానాంటీ, గ్రేట్" అంది. కాఫీ ఇచ్చి పంపాను.

ఇంకో గిన్నెలో సున్నుండలు వచ్చాయి. చూడగానే పోల్చాను. మా సున్నుండలే. మా వియ్యపురాలు పిండి కాస్త బరకగా పట్టిస్తుంది. రెండిళ్ళు తిరిగి మా ఇంటికే చేరాయి. "రీసైక్లింగంటే ఇదే కదా" అన్నారు మా ఆయన, ఒకటి నోట్లో వేసుకుంటూ.

అక్కడితో ఆగినా బాగుండేది. పూతరేకులంత ఖరీదైనది పంపితే ఊరుకుంటే ఎలా అని అత్తయ్యగారు రాజమండ్రివాళ్ళకి మాగాయ పంపించారు, గిన్నెలో. ఆ గిన్నె మళ్ళీ ఖాళీగా రాలేదు. ఎండాకాలం వచ్చేసింది, మామిడిపళ్ళు వచ్చాయి, గిన్నెలు పైకీ కిందకీ లిఫ్టులో తిరుగుతూనే ఉన్నాయి. ఫ్రిజ్జులో చోటు లేదు. తినలేక మిగిలినవి కంపోస్టు డబ్బాలో వేస్తే నేతి వాసనకి కూర్మన్నపాలెంలో చీమలన్నీ మా బాల్కనీకి వచ్చాయి. వంటింట్లో ఒక మూల కవర్లు గుట్టగా పేరుకున్నాయి. నేను ఆపిన కవర్లకంటే నాకు వచ్చిన కవర్లే ఎక్కువ. పారెయ్యడానికి మనసొప్పక అన్నీ కడిగి తీగ మీద ఆరేశాను. ఎదురింటావిడ బాల్కనీలోంచి అవి చూసి, నాకు కవర్లు అవసరమనుకుని వాళ్ళింట్లో దాచినవన్నీ తెచ్చిచ్చింది. వాటినీ కవర్లోనే పెట్టి తెచ్చింది.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎందుకంటే ఇంత సంతలోనూ ఆ ఒక్క గిన్నె రాలేదు.

అత్తయ్యగారు హాల్లో తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. గాలి బాగా వస్తుందని చెప్పారు. ఆ కుర్చీకి ఫ్యాను గాలి కూడా తగలదు. బెల్లు మోగితే కుర్చీ చేతులు రెండూ పట్టుకుని సగం లేచేవారు. తలుపు తీసి చూస్తే పై ఇంటివాళ్ళు, పక్కింటివాళ్ళు, చేతుల్లో గిన్నెలు. ఆవిడ మళ్ళీ కూర్చునేవారు. ఎవరేం తెచ్చినా "ఎందుకమ్మా ఇయ్యన్నీ" అనేవారు. అవి మర్యాదకి అన్న మాటలు కావు, నిజంగానే అనేవారు.

"పోయిందేమో అమ్మా, స్టీలు గిన్నెలు మారిపోతుంటాయి" అన్నారు మా ఆయన ఒకరోజు.

"గిన్నె పోతే పోయింది లేరా" అన్నారావిడ.

కొన్నాళ్ళకి మధ్యాహ్నం బాల్కనీలోకి వెళ్ళడం కూడా మానేశారు. ఎండ అన్నారు. ఆవిడకి ఎండ లెక్కలేదు, మే నెలలో డాబా మీద వడియాలు పెట్టిన మనిషి. తిండి తగ్గించేశారు. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా తీరు. ఆ కోపమంతా కింద ఇంటి మీదకి మళ్ళింది. ఎంత దుఃఖమైతే మాత్రం, తోటి మనిషి తలుపు కేసి చూస్తూ కూర్చుంటే ఒక్కసారి మెట్లెక్కి రావడానికి ఏమైంది? సారె తిన్నారు కదా. పద్ధతి తెలిసిన మనిషి కదా. ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్యగారు పెట్టిన అన్నం పెట్టినట్టే వదిలేసి లేచిపోతే, నేను చెయ్యి కడుక్కుని తిన్నగా కిందకి దిగాను. గిన్నె అడుగుతాను, ఆ వంకతో నాలుగు మాటలూ అడుగుతాను అనుకున్నాను. నాలుగు మాటలూ మెట్ల మీద సర్దుకున్నాను.

తలుపు పిన్నిగారే తీశారు. కొడుకూ కోడలూ డ్యూటీలకి వెళ్ళినట్టున్నారు. మనిషి సగమైపోయింది. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"లోనికి రా పిల్లా. గిన్నె కోసం వచ్చినావా?"

గుమ్మం పక్క గూట్లో తెల్లగుడ్డ పరిచి దానిమీద మా గిన్నె బోర్లించి ఉంది, పక్కనే మూత. అద్దంలా ఉంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అంత మెరవలేదు.

"రోజూ తోమతన్నాను. దుమ్ము పడిపోతంది కదా" అన్నారు పిన్నిగారు.

"మరి ఇన్నాళ్ళూ... అత్తయ్యగారు రోజూ మీకోసం ఎదురుచూస్తున్నారు పిన్నిగారూ" అన్నాను. సర్దుకొచ్చిన నాలుగు మాటల్లో ఇది లేదు.

"తెలుసమ్మా. ఖాళీగా ఎలాగంపుతాను? కొత్త కోడలొచ్చిన ఇల్లు మీది. పోనీ ఏటైనా గిన్నెలో ఎడదామంటే మా ఇంట్లో ఏడాది తిరగనేదు. నా సేతితో వండింది మీ ఇంటికి తెత్తానా? రేపు ఆ పిల్లకి తలనొప్పొచ్చినా నావల్లే వచ్చినాదనిపించదా? మీరు అనరు. మీరు మంచోళ్ళు. నాను అనుకుంటాను కదా." గూట్లో గిన్నె కేసి చూసి, "కొని ఎడదామనీ సూసినాను. కొన్నదైనా నా సేతి మీంచే కదా రావాల" అన్నారు.

"అయితే ఖాళీగానే ఇచ్చెయ్యండి, నేను తీసుకెళ్తాను" అన్నాను.

ఆవిడ నా కేసి చూసిన చూపుకి నేను తల దించుకున్నాను. చదువుకున్నదానివి అంత మాటెలా అన్నావు అన్నట్టు చూశారు. ఆ గూట్లో గిన్నె అటు వెళ్ళడానికీ లేక, ఇటు ఉండడానికీ లేక నెలలుగా కూర్చుని ఉంది, ఆవిడలాగే. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వట్టి చేతులతో పైకొచ్చేశాను.

అత్తయ్యగారు తలుపు ఎదురు కుర్చీలోనే ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ చీరచెంగు అంచు వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ విన్నారు.

"పుచ్చుకోడం గురించే ఆలోచించేనే. ఇవ్వడం గురించి ఆలోచించలేదు" అన్నారు చివరికి. "నాకు తట్టాల్సింది. మీ మావయ్య పోయిన ఏడాది, నేను కాఫీ కలిపి ఇత్తే ఇప్పుడే తాగొచ్చామండీ అనేవోళ్ళు అందరూ. పొద్దున్న ఆరింటికొచ్చినోళ్ళు కూడా."

ఇరవై ఏళ్ళకి పైగా ఆవిడతో ఉంటున్నాను. ఈ మాట ఎప్పుడూ నాతో అనలేదు. మావయ్యగారు పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను, వచ్చినవాళ్ళకి నీళ్ళు అందించాను. తాగని కాఫీగ్లాసులు తీసుకెళ్ళి కడిగాను కూడా. ఎందుకు మిగిలాయో అడగలేదు.

ఆవిడ లేచారు. ఎక్కడికత్తయ్యా అంటే చెప్పులు తొడుక్కున్నారు. కరెంటు లేదు, లిఫ్టు ఆగిపోయి ఉంది. వచ్చేదాకా ఆగుదాం అన్నాను. ఆగలేదు. ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, మెట్టుకోసారి "అమ్మా" అనుకుంటూ దిగారు. మధ్యలో ఒకచోట నిలబడి ఊపిరి తీసుకున్నారు. ఆవిడ వేళ్ళు నా భుజంలో దిగిపోతున్నాయి. నాకు మెట్ల మీద ఎప్పుడూ ఏడుపు రాలేదు, ఆ రోజు వచ్చింది. చూసుకోకుండా దిగండి అని కసిరాను. చూసుకుంటూ అనబోయి అలా అన్నాను.

పిన్నిగారు తలుపు తీసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఓలమ్మ! ఎందుకు దిగినావప్పా ఆ మోకాళ్ళతోటి!"

అత్తయ్యగారు లోపలికి వెళ్ళి గూటి పక్కనున్న చెక్క కుర్చీలో కూలబడ్డారు. ఊపిరి కుదురుకున్నాక "ఏం వండేవ్?" అన్నారు.

"ఏటీ నేదప్పా. అంబలి కాసినాను, నా ఒక్కదానికే. రాత్రన్నం మిగిలిపోతే పారబొయ్యడం ఎందుకని సోడిపిండిలో కలిపీసినాను."

"పొయ్యి."

"నీకా?"

"నాకే. ఆ గిన్నెలో పొయ్యి."

పిన్నిగారు కదల్లేదు. "వద్దప్పా. మీ ఇంట్లో సుబం జరిగినాది. ఏడాది..."

"నీ ఏడాది నీ గుమ్మం దాటకూడదు, అంతే కదా? దాటదు. ఇక్కడే పొయ్యి, ఇక్కడే తాగేత్తాను. గిన్నె మా ఇంటికి ఖాళీగానూ రాదు, నిండుగానూ రాదు. ఇక్కడే ఉంటాది. రేపూ వత్తాను." అత్తయ్యగారు గూట్లోంచి గిన్నె తనే తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "పొద్దున్నుంచీ ఏం తినలేదు. ఆకలేత్తంది చెల్లీ."

అది అబద్ధం కాదు. వదిలేసిన అన్నం ఇంకా మా బల్ల మీద ఉంది.

పిన్నిగారు లోపలికి వెళ్ళి కుండా గరిటే తెచ్చారు. గిన్నెలోకి పోశారు. పైన రెండు ఉల్లిపాయ ముక్కలు వేశారు. అత్తయ్యగారికి ఈ రాగి అంబలి అలవాటు లేదు. గిన్నె ఎత్తి, ఆపకుండా, చివరి చుక్కదాకా తాగి దించారు. మూతి తుడుచుకున్నారు.

"పులిసింది" అన్నారు.

"పులవాలి. పులవకపోతే అంబలేటి?" అన్నారు పిన్నిగారు, పాత గొంతుతో. ఆ వెంటనే ఆ గొంతు కాస్తా పోయింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చేశారు. "ఆయన పోయిన కాణ్ణించి నా సేతి మెతుకు బయటోళ్ళెవులూ ముట్టనేదప్పా."

అత్తయ్యగారు గిన్నె ముందుకి చాపారు. ఆవిడ కళ్ళూ నిండిపోయి ఉన్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఇంకాస్త పొయ్యి. చెయ్యి లాగేత్తంది."

పిన్నిగారు పోశారు.